మీకు తెలుసా? ఘాజీ మన సముద్రంలోకి ఎందుకొచ్చిందో!

పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ 1971 నవంబరు 14న కరాచీలో బయల్దేరి, సింహళం చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి వచ్చింది. ముందు మద్రాసు తీరాన వెతికి, ఆ తర్వాత విశాఖ వైపు కదిలిందని యుద్ధ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. మద్రాసు నుంచి విశాఖకు సముద్రం మీద వెళ్లాలంటే నెల్లూరు తీరం దాటాల్సిందే. అంటే మా అల్లూరు మండలంలోని ఇసకపల్లి ఎదుట, చాలా దూరాన, లోతు నీళ్లలో ఆ ఓడ పోయి ఉండాలి. విశాఖ కథగానే అందరికీ తెలిసిన ఈ సంగతిలో మన తీరానికీ ఇంత వాటా ఉంది.

*

2017 ఫిబ్రవరి 17న విడుదలైన 'ఘాజీ' సినిమా దర్శకుడు సంకల్ప్ రెడ్డికి అదే మొదటి చిత్రం. పాటల్లేవు, హీరోకు ప్రేమకథ లేదు, కథంతా ఇనుప గొట్టం లాంటి ఓడలోనే. అయినా జనం చూశారు. తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డూ వచ్చింది. అందులో రానా పనిచేసే ఎస్-21 జలాంతర్గామి ఘాజీని వేటాడి ముంచుతుంది. మన నౌకాదళం చెప్పే చరిత్రలో మాత్రం ఆ పని చేసింది జలాంతర్గామి కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డిస్ట్రాయర్, ఐఎన్ఎస్ రాజ్‌పుత్.

*

రాజ్‌పుత్‌కి విక్రాంత్ వేషం వేశారు!

ఘాజీ వెతుకుతున్నది విమాన వాహక నౌక విక్రాంత్‌ని. ఆ నౌకకు బాయిలర్ చెడి వేగం తగ్గింది. ఆ స్థితిలో శత్రువు కంట పడితే ముప్పే. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దాన్ని గుట్టుగా అండమాన్ దీవులకు పంపేశారు. ఇటు విశాఖలో మాత్రం వేల మంది నావికులకు సరిపడా మాంసం, కూరగాయలు కావాలని కాంట్రాక్టర్లకు ఆర్డర్లు వెళ్లాయి. ఊళ్లో గూఢచారులుంటే ఆ కబురు తప్పకుండా అవతలికి చేరుతుందని ఆయన లెక్క. రేవులో చోటు సిద్ధం చేయమని మద్రాసుకూ కబురు పెట్టారు. రాజ్‌పుత్ సముద్రం మీదికి వెళ్లి, పెద్ద నౌక ఉన్నంత హడావుడిగా వైర్‌లెస్ సందేశాలు పంపింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట పెద్ద పేలుడు వినిపించింది. ఘాజీతో పాటు 90 మందికి పైగా నావికులు మునిగిపోయారు.

రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ ఛార్జీలే ముంచాయని మన నౌకాదళం అంటుంది. లోపలి ప్రమాదం వల్లో, తాను వేసిన మందుపాతరల వల్లో పేలిందని పాకిస్థాన్ అంటుంది. ఏ మాట నిజమైనా ఆ నావికుల ప్రాణాలు పోయాయి. వాళ్ల కమాండర్ పేరు జాఫర్ ముహమ్మద్ ఖాన్. సినిమాలో ఆ పేరు కనిపించదు.

*

ఘాజీ పుట్టుకతో అమెరికా ఓడ. 1945లో అమెరికా నౌకాదళంలో చేరినప్పుడు దాని పేరు డయాబ్లో. కమ్యూనిస్టు దేశాలకు అడ్డుకట్టగా పాకిస్థాన్‌ను కూటమిలో ఉంచుకున్న రోజుల్లో అమెరికా దాన్ని లీజుకిచ్చింది. 1964లో అది పాకిస్థాన్ నౌకాదళంలో చేరింది. కరాచీ నుంచి బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేయగల జలాంతర్గామి అప్పట్లో పాకిస్థాన్‌కు అదొక్కటే.

*

అసలు ఇక్కడిదాకా ఎందుకు రావలసి వచ్చింది? సినిమా దీనికి రెండు మాటల్లో జవాబిచ్చి ముందుకు వెళ్లిపోతుంది. నాకు మాత్రం ఓడల పోరాటం కంటే ఈ జవాబే ముఖ్యం.

1970 నవంబరు 12 రాత్రి తూర్పు పాకిస్థాన్‌లోని భోలా ద్వీపం మీద తుపాను విరుచుకుపడింది. 3 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. ఇస్లామాబాద్ నుంచి సాయం ఆలస్యంగా, అరకొరగా అందింది. తుపాను తర్వాత పాలకులు మొహం చాటేస్తే ఓటు ఎటు పోతుందో మన కోస్తా జనానికి ఎవరూ చెప్పక్కర్లేదు. డిసెంబరు 7న జరిగిన సార్వత్రిక ఎన్నికల్లో తూర్పు భాగంలోని 162 స్థానాలకు ముజిబుర్ రహమాన్ అవామీ లీగ్ 160 గెలిచింది. మొత్తం పాకిస్థాన్ పార్లమెంటులో అది స్పష్టమైన మెజారిటీ. ప్రధాని కావలసింది ముజీబే.

సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ కొత్త పార్లమెంటును కూర్చోనివ్వలేదు. మార్చి 1న సమావేశాన్ని వాయిదా వేశాడు. మార్చి 25 రాత్రి ఢాకా వీధుల్లోకి ట్యాంకులొచ్చాయి, విశ్వవిద్యాలయం హాస్టళ్లలో విద్యార్థుల్ని కాల్చి చంపారు. అక్కడినుంచి తొమ్మిది నెలలు, సొంత దేశపు సైన్యమే ఆ ప్రజల మీద పరాయి ఆక్రమణ సైన్యంలా ప్రవర్తించింది. దాదాపు కోటి మంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. సినిమాలో తాప్సీ వేసింది అలాంటి ఒక కాందిశీకురాలి పాత్రే. ఆ పాత్రకు ఇంకొంచెం చోటు, ఇంకొన్ని మాటలు ఇచ్చి ఉంటే ఈ యుద్ధం ఎవరికోసం జరిగిందో ప్రేక్షకుడికి బాగా అంది ఉండేది.

*

ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, 1971 ఏప్రిల్ 6న తన సొంత ప్రభుత్వాన్నే తప్పుపడుతూ టెలిగ్రామ్ పంపాడు. ప్రజాస్వామ్యాన్ని అణిచేస్తుంటే మనం నోరు మెదపడం లేదన్నది అందులోని సారం. నిక్సన్, కిసింజర్ వినలేదు. చైనాతో స్నేహానికి వాళ్లు తెరచాటున వాడుకుంటున్న మధ్యవర్తి యాహ్యా ఖానే. ఆ జులైలో కిసింజర్ రహస్యంగా బీజింగ్ వెళ్లింది పాకిస్థాన్ మీదుగానే. బ్లడ్‌ను ఢాకా నుంచి తప్పించారు. యుద్ధం ముగిసే రోజుల్లో అమెరికా విమాన వాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చింది. ఆగస్టులోనే సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకున్న ఇందిరా గాంధీ వెనక్కి తగ్గలేదు.

*

ఘాజీ మునిగిన ప్రాంతంలోనే సముద్రం అడుగున ఇంకో జలాంతర్గామి ఉంది! పేరు ఆర్ఓ-110, జపాన్‌ది. 1944 ఫిబ్రవరిలో విశాఖ దగ్గర ఓడల బారు మీద దాడి చేసి, భారత, ఆస్ట్రేలియా యుద్ధనౌకల చేతిలో మునిగింది. ఆర్కే బీచ్‌లో అందరూ ఎక్కి చూసే జలాంతర్గామి కురుసుర మాత్రం మన నౌకాదళానిదే. 2001లో సర్వీసు ముగించుకున్నాక దాన్ని మ్యూజియంగా మార్చారు.

*

యుద్ధం 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్థాన్ సైన్యం లొంగుబాటుతో ముగిసింది. 93 వేల మంది బందీలయ్యారు. మరి గెలిచిన భారత సైన్యం అక్కడ ఎంతకాలం ఉంది? మూడు నెలలు కూడా లేదు. 1972 మార్చి 12న ఢాకాలో వీడ్కోలు కవాతు చేసి వచ్చేసింది. విడిపించడానికి వెళ్లిన సైన్యాలు ఏళ్లకేళ్లు పాతుకుపోయిన దేశాలెన్నో ఉండగా, ఇది ఇందిర, ముజీబ్ ఇద్దరూ గర్వంగా చెప్పుకోదగిన సంగతి. మన పాఠ్యపుస్తకాల్లో లొంగుబాటు ఫొటో పక్కన ఈ తేదీ కూడా ఉండాలి.

*

ఇక ఎవరూ తెలుగులో తీయని కథ ఒకటి.

పాకిస్థాన్ కొత్తగా కొన్న మాంగ్రో అనే జలాంతర్గామి 1971 మార్చిలో ఫ్రాన్సులోని తూలోన్ రేవులో ఉంది. శిక్షణలో ఉన్న నావికుల్లో 13 మంది బెంగాలీలు. ఢాకా హత్యాకాండ వార్త రేడియోలో విన్నారు. నెలాఖరున వాళ్లలో కొందరు ఓడ విడిచి పారిపోయారు. మాడ్రిడ్‌లోని భారత రాయబార కార్యాలయం తలుపు తట్టి, ఎనిమిది మంది మన దేశం చేరారు. భాగీరథి ఒడ్డున ప్లాసీ దగ్గర మన నౌకాదళం శిబిరం తెరిస్తే, పొట్టకు మైను కట్టుకుని రాత్రిపూట నది ఈదడం అక్కడ వందలాది బెంగాలీ కుర్రాళ్లు నేర్చుకున్నారు. వాళ్లలో చాలామంది విద్యార్థులు, రైతుల పిల్లలు.

ముహూర్తం చెప్పడానికి ఆకాశవాణి కలకత్తా కేంద్రం రెండు పాటలు వేసింది. మొదటి పాట వినిపిస్తే సిద్ధం కావాలి, రెండోది వినిపిస్తే నీళ్లలోకి దిగాలి. రేడియో వింటున్న మిగతా లోకానికి అవి ఉత్త పాటలే. ఆగస్టు 15 అర్ధరాత్రి దాటాక చిట్టగాంగ్, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవుల్లో లంగరేసిన ఓడలు వరసగా పేలిపోయాయి. ఘాజీ మన సముద్రంలోకి రావడానికి మూడు నెలల ముందు మాట ఇది.