ముఖభావముల ఓనమాలు



మన కేసముద్రము స్టేషనులో రైలు వచ్చునపుడు చక్రములనే చూచుచు, పిలుచుచున్న తల్లి ముఖము చూడని పిల్లవాడు మీ కంటబడియుండవచ్చును. అట్టి బాలుడొకడు పూర్వము నా తరగతిలో నుండెను. నేను కోపగించితిని, వాడు నవ్వెను. పరిహాసమని తలచి బెత్తముతో గొట్టితిని. నా ముఖమున నున్నది కోపమని వానికి దెలియనే లేదని నేడు గ్రహించి చింతిల్లుచున్నాను.

ఈ స్థితికి ఆటిజమని పేరు. 1943లో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించెను. ఇది గ్రహపీడ కాదు, తల్లి పెంపకపు దోషమును కాదు. మెదడు ఎదుగుదలలోని భేదము. ఇతరులు చెప్పకయే గ్రహించు ముఖభావములను ఈ పిల్లలలో పెక్కుమందికి అక్షరములవలె నేర్పవలసియుండును.

భరతముని స్థాయిభావములను ఎనిమిదిగా లెక్కించెను. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున సైమన్ బారన్-కోహెన్ బృందమువారు 412 భావములను 24 వర్గములుగా విభజించి, 'మైండ్ రీడింగ్' అను కంప్యూటరు సాఫ్ట్‌వేరును కూర్చిరి. ప్రతి భావమునకు ఆరు ముఖములు కనబడును, ఆరు కంఠములు వినబడును. ఎన్నిమారులు అడిగినను యంత్రము విసుగక చూపును.

పసివారికై వారే 'ట్రాన్స్‌పోర్టర్స్' అను బొమ్మల చిత్రమాలను చేసిరి. అందు ట్రాములకును, ట్రాక్టరునకును మనుష్యుల ముఖములుండును. క్రమము తప్పక నడచు బండ్లు ఈ పిల్లలకు ప్రీతి గనుక, బండిని చూచుచు ముఖమును చదువుదురు. నాలుగు మొదలు ఏడేండ్ల పిల్లలు దీనిని నాలుగు వారములు చూచి, భావములను గుర్తించుటలో వృద్ధి చెందిరని 2010లో ప్రకటించిరి.

అయినను యంత్రము పలక మాత్రమే. తెరమీద సంతోషమును గుర్తించినవాడు ఇంటిలోని అవ్వ ముఖమున గుర్తింపకపోవచ్చును. కావున పాఠము ముగియగానే అవ్వయే దగ్గర కూర్చుండి, "నీవు అన్నము తింటివి, నాకు సంతోషమైనది, చూడు" అని నవ్వి చూపవలెను. ఈ పని ఏ యంత్రమును చేయజాలదు.

సికిందరాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ ఇట్టి పిల్లలను పరీక్షించి, తల్లిదండ్రులకు శిక్షణ నిచ్చుచున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. నిర్ణీత స్థాయి వైకల్యము ధ్రువపడినచో 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచిత విద్య హక్కు.

తాయెత్తులతో ఏండ్లు గడపకుడు. కొట్టకుడు. నేను చేసిన పొరపాటు మరియొక బడిలో జరుగకుండుటకే ఈ నాలుగు మాటలు చెప్పితిని. సెలవు.