గోడకు ముదురు ఎరుపు: ఒక కంపెనీ రంగుకు మరియొక కంపెనీ రంగు జత కుదురుట ఎట్లు?

బెంగళూరులో మనవారి ఇంట పెళ్ళి నిశ్చయమైనదనగానే ముందుగా జరుగు పని ఇంటికి రంగు వేయించుట. క్రిందటి సంవత్సరము కబ్బన్‌పేటలో మా సభ్యులలో ఒకరి ఇంట ఇట్లే జరిగినది. వీధి గోడకు నడుము ఎత్తువరకు ముదురు ఎరుపు, ఆపైన తెలుపు; వారి తండ్రిగారి కాలమునుండి వచ్చుచున్న అలవాటు అది. సగము గోడ అయినది, డబ్బా అయిపోయినది. ఆ కంపెనీ సరకు ఆ వారము అంగడిలో లేదు. "ఇదీ మెరూనే కదండీ" అని అంగడివారు మరియొక కంపెనీ డబ్బా చేతికిచ్చిరి. రాత్రి ట్యూబులైటు క్రింద మూతమీది చుక్కను చూచినప్పుడు తేడా అగుపడలేదు. మరునాడు పని ముగిసి, ఆ మరునాటి ఎండలో చూడగా గోడ రెండు ముక్కలుగా ఉన్నది. ఎడమది ఇటుకపొడి ఛాయ, కుడిది నేరేడుపండు ఛాయ. పెళ్ళికి తొమ్మిది దినములే గడువు. రంగు కలిపిన డబ్బాను ఎవరును తిరిగి తీసికొనరు.

ఆ ఇంటి యజమాని ముప్పది యేండ్లుగా పట్టుమగ్గము మీద ఉన్నవారు. "పడుగులో ఒక్క చిలప వేరే లాటుదైనా మా ఇంట్లోవాళ్ళు ఆసు పోసేటప్పుడే పట్టేస్తారు. గోడ దగ్గర మాత్రం మోసపోయాం" అని మాతో అన్నారు. ఆ మాట విన్నపిదపనే ఈ వ్యాసము వ్రాయవలెనని మాకు తోచినది. నూలు విషయములో మనకు తెలిసినదే గోడ విషయములోను పనికివచ్చును. ఎవరును మనకు ఆ సంగతి చెప్పలేదు, అంతే.

మొదటి పొరపాటు పేరును నమ్ముట. మెరూన్ అను మాటకు అంగడిలో కొలత లేదు. ఏ కంపెనీకి ఆ కంపెనీ తన కార్డులో తనకు నచ్చిన పేరు, తన సొంత అంకె వేసికొనును. అందరికి ఉమ్మడియైన అంకెలు లేకపోలేదు. జర్మనీవారి రాల్ పట్టిక 1927లో మొదలైనది. అందులో 3005 ద్రాక్షసారా ఎరుపు. మన దేశమునకు ఐ.ఎస్. 5 అను ప్రమాణమున్నది. అందులో 538 పోస్టుపెట్టె ఎరుపు, 541 మెరూన్. తలుపులకు, కిటికీ ఊచలకు ఎనామెల్ కొనునప్పుడు ఈ అంకె చెప్పి అడిగినచో కంపెనీ మారినను చాలవరకు దగ్గరగా వచ్చును. గోడ ఎమల్షన్‌లు మాత్రము ఎక్కువగా కంపెనీల సొంత కార్డులమీదనే నడచుచున్నవి.

అసలు చిక్కు పదార్థములో ఉన్నది. ముదురు ఎరుపు రెండు దారులలో వచ్చును. ఒకటి ఐరన్ ఆక్సైడు, అనగా తుప్పు జాతిది. మన జేగురు, అరుగులకు పూయు జాజు, పాత ఇండ్ల ఎర్రగచ్చులో కలిపిన రెడ్ ఆక్సైడు పొడి, అన్నియు ఈ కుటుంబమే. ఇది కొంచెము గోధుమవన్నె వైపు ఒరుగును. కాని ఎండకు వెలిసిపోదు, క్రింది పూతను చక్కగా కప్పివేయును. రెండవది రసాయనశాలలో తయారగు సేంద్రియ వర్ణకముల జాతి. ఇవి మన నూలు అద్దకపు ఎరుపులకు దాయాదులు. నిగారింపు ఎక్కువ, కాని వీనిలో కొన్ని ఎండకు వెలిసిపోవును, పలుచని పూతలో తెల్లగోడ తొంగి చూచును. కంపెనీలు ఈ రెంటిని తమతమ పాళ్ళలో కలిపి, ఇంత నలుపో ఊదాయో తగిలించి మెరూన్ చేయును. కబ్బన్‌పేట గోడకు ఎడమవైపు పడినది ఆక్సైడు పాలు ఎక్కువైన రంగు, కుడివైపు పడినది సేంద్రియపు పాలు ఎక్కువైనది.

ఇచ్చట ఒక పాత సంగతి జ్ఞాపకము వచ్చుచున్నది. మచిలీపట్నపు అద్దకములకు పేరు తెచ్చిన చిరివేరులో ఎరుపునిచ్చునది అలిజరిన్ అను పదార్థము. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దానినే బొగ్గుతారులోని పదార్థమునుండి తయారుచేసిరి. వేరునుండి వచ్చినను తారునుండి వచ్చినను పదార్థ మొకటే కాబట్టి కలంకారీవారు పటిక మీద ఒకదాని బదులు మరియొకటి వాడగలిగిరి. పేరు ఒకటై పదార్థము వేరైనప్పుడే రంగు మోసము చేయును.

ఆ మోసము ఎట్టిదో చూతము. రెండు ఎరుపులు ఒక దీపము క్రింద కవల పిల్లలవలె ఉండి, మరియొక వెలుతురులో విడిపోవచ్చును. ఎండలో అన్ని వన్నెల కిరణములు ఉండును, పాత బల్బులో ఎరుపు ఎక్కువ, నీలము తక్కువ, ట్యూబులైటు, ఎల్.ఇ.డి. దీపముల కూర్పు మరియొక విధము. రంగు తనమీద పడిన కిరణములలో కొన్నిటిని మ్రింగి మిగిలినవానిని మన కంటికి పంపును. పదార్థములు వేరైనప్పుడు మ్రింగుట కూడ వేరు. ఒక దీపము క్రింద ఆ తేడా కంటికి సరిపోయి కనబడవచ్చును, దీపము మారగానే బయటపడును. పడుగు ఒకరివద్ద, అంచు ఒకరివద్ద అద్దించి, రాత్రి దీపము క్రింద సరిచూచి నేసిన చీరను షావుకారు పగటి వెలుతురులో విప్పి త్రిప్పి పంపిన సంగతి మనలో అనుభవము లేనివారు తక్కువ.

కన్ను రంగును మోసికొని పోలేదనుట ఇంకొక సంగతి. కబ్బన్ పార్కు వైపు పోయినప్పుడు చూడండి. 1868లో పూర్తియై, పదునెనిమిది కచేరీలు ఉండుటచేత అఠారా కచేరీ అని పేరు పొందిన హైకోర్టు భవనము ఎరుపు. పార్కులోని శేషాద్రి అయ్యరు స్మారక గ్రంథాలయము కూడ ఎరుపు. ఒకదానిని చూచి రెండవదాని వద్దకు నడచిపోయి, రెంటిలో ఏది ముదురు, ఏది నీలము వైపు ఒరిగినది అని మిమ్ములను మీరే అడుగుకొనుడు. మేము అడుగుకొంటిమి, ఇద్దరము రెండు విధముల చెప్పితిమి. ఆ కొద్ది నడకలోనే నిలువని జ్ఞాపకము ఇంటినుండి రంగుల అంగడివరకు నిలుచునా? కాబట్టి నమూనా ముక్క చేతిలో లేనిదే అంగడికి పోరాదు. ఫోనులో తీసిన బొమ్మ నమూనా కాదు. ఒక్కొక్క ఫోను ఎరుపును ఒక్కొక్క విధముగా చూపును.

ఇప్పుడు అంగళ్ళలోని రంగు కలుపు యంత్రములు గొప్ప సాయమే. కాని ప్రతి కంపెనీకి తన బేసు వేరు, తన రంగు ద్రవములు వేరు. ఒక కంపెనీ చీటీలోని పాళ్ళను మరియొక కంపెనీ యంత్రములో వేసినచో ఆ రంగు రాదు. ఒక దుకాణపు పొడి కొలతలతో మరియొక దుకాణపు పొడిని అద్దినట్లే. పెద్ద అంగళ్ళలో స్పెక్ట్రోఫోటోమీటరు అను పరికరముండును. అది ముక్కమీద వెలుతురు వేసి, తిరిగివచ్చిన కాంతిని వన్నె వన్నెకు కొలిచి, తన ద్రవములతో పాళ్ళు కట్టును. 1931లో అంతర్జాతీయ దీపకాంతి సంఘమువారు ఏర్పరచిన కంటి కొలతయే ఈ లెక్కలకు ఆధారము. తేడాను డెల్టా ఇ అను అంకెతో చెప్పుదురు. అది ఒకటికి లోపల ఉన్నచో మామూలు కంటికి అగుపడుట కష్టము. పగటి వెలుతురుకును బల్బు వెలుతురుకును ఆ అంకె ఎంతెంత అని విడివిడిగా అడుగవలెను. అడిగినవారికే చెప్పుదురు.

ముక్క తీయుటలో ఒక మెలకువ ఉన్నది. ఇంటిపేరు బోర్డు వెనుక తీసినది పాత రంగు; ఎండ తగులు చోట తీసినది నేటి రంగు. గోడలో కొంత భాగమే అతుకు వేయుచున్నచో నేటి రంగుతోనే జత చూడవలెను. బొటనవ్రేలి గోరుకన్న పెద్దదిగా, చదునుగా తీసి, దుమ్ము కడిగి, ఆరబెట్టి తీసికొనిపోవలెను.

వచ్చిన రంగును మొదట చిన్న డబ్బా మాత్రమే కొనుడు. అట్టముక్కకు రెండు పూతలు వేసి ఒక దినము ఆరనిండు. ఎమల్షన్ తడిమీద పాలు కలిపినట్లు లేతగా ఉండి ఆరినపిదప ముదురును. తడి చుక్కను చూచి తీర్పు చెప్పినచో తప్పు తప్పదు. ఆరిన అట్టను గోడకు అంచు అంచు తగులునట్లు పెట్టి ఉదయము నీడలో ఒకసారి, రాత్రి వాకిటి దీపము క్రింద ఒకసారి చూడుడు. ఎరుపును ఎక్కువసేపు చూచినచో కన్ను అలసిపోవును. నడుమ నడుమ తెల్లబట్టను చూడవలెను. మెరుపు కూడ ఒకటే కావలెను. అవే పాళ్ళు మెరుపు ఎమల్షన్‌లో లోతుగా, మెరుపు లేనిదానిలో బూడిద చల్లినట్లు పాలిపోయి కనబడును. అడుగు పూత తెలుపైనచో ముదురు ఎరుపు గులాబి వైపు పోవును. ముందుగా బూడిదవన్నె ప్రైమరు వేయించుట మేలు. పెయింటరు సీసాలోని స్టైనరు నాలుగు చుక్కలు వేసి "సరిచేస్తాను" అన్నచో ఒప్పుకొనవలదు. రెండవ డబ్బాకు అదే చేయి తిరిగి రాదు.

డబ్బాలు ఎన్ని కొన్నను, అన్నిటిని ఒక పెద్ద బకెట్టులో కలిపి వాడవలెను. ఒకే కంపెనీలో కూడ లాటుకు లాటు కొంచెము మారును.

కబ్బన్‌పేట ఇంటికి వత్తము. రెండు మారులు పరికరముతో జత చూచిరి. పగటికి సరిపోయినది, రాత్రికి సరిపోలేదు. దినములు గడచుచున్నవి. చివరకు వీధి గోడకంతకు రెండవ కంపెనీ రంగే రెండు పూతలు వేయించి, సందు వైపు గోడకు మొదటిదే ఉంచి, తేడాను మూలవద్ద ఆపిరి. మూలకు ఇటు అటు వెలుతురు ఎట్లును వేరుగా పడును. చీర ఒంటికిని అంచుకును నడుమ జరీగీత ఉన్నచో రెండు ఎరుపులను కన్ను మన్నించునట్లే, ఈ మూలను కూడ మన్నించినది. పెళ్ళికి వచ్చినవారెవరును ఆ మాట ఎత్తలేదు. అదనముగా అయిన ఖర్చు ఒక చీర కూలికి తక్కువ కాలేదని యజమాని లెక్క చెప్పిరి.

మిగిలిన రంగు మగ్గపు గది తలుపుకు సరిపోయినది. డబ్బామీద అంటించి ఉన్న పాళ్ళ చీటీని, బేసు పేరును, లాటు అంకెను ఇంట్లోవాళ్ళు కాగితముమీద ఎక్కించి, కరెంటు మీటరు పెట్టె లోపలి మూతకు అంటించి ఉంచినారు.