చెయ్యి తిరిగేది తలలో

ఎడమ అరచెయ్యి చాచి, దానిమీద లావుపాటి పుస్తకం ఒకటి పెట్టుకోండి. మీ కుడిచేత్తోనే ఆ పుస్తకాన్ని ఎత్తేయండి. ఎడమచెయ్యి ఉన్నచోటే ఉంటుంది. మళ్లీ పెట్టుకుని, ఈసారి ఇంట్లో ఇంకెవరినైనా ఎత్తమనండి. బరువు పోగానే చెయ్యి చివుక్కున పైకి లేస్తుంది. ఎంత కళ్లార్పకుండా చూస్తూ కూర్చున్నా లేస్తుంది. కుడిచెయ్యి ఎప్పుడు కదలబోతోందో మెదడుకు ముందే తెలుసు, కదలమన్నది అదే కాబట్టి. సరిగ్గా ఆ క్షణానికి ఎడమచేతి కండరాల బిగువు సడలిస్తుంది. పక్కవాళ్ల చేతి సంగతి దానికి అంత కచ్చితంగా అందదు.

పనిలో ఆరితేరినవాళ్లను మనం చెయ్యి తిరిగినవాళ్లంటాం. ఆ తిరగడం ఎక్కడ, ఎలా జరుగుతుందని నూటయాభై ఏళ్లుగా శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు. వాళ్లకు దొరికినవాటిలో నన్ను వదలకుండా పట్టుకున్నవి కొన్ని ఇవి.

మన చక్కిలిగింత మనకు పుట్టదు

మన అరికాలు మనమే గోకుకుంటే నవ్వు రాదు. కారణం పైన చెప్పిన పుస్తకం కథే. 1990ల చివర్లో లండన్‌లో సారా-జేన్ బ్లేక్‌మోర్, డేనియల్ వోల్పర్ట్, క్రిస్ ఫ్రిత్ దీన్ని ఒక రోబోతో పరీక్షించారు. మనిషి ఒక చేత్తో పిడి కదిపితే, రోబో అతని రెండో అరచేతిమీద మెత్తటి స్పాంజితో రాస్తుంది. వెంటనే రాస్తే పెద్దగా ఏమీ అనిపించలేదు. సెకనులో పదోవంతు, ఐదోవంతు ఆలస్యం చేసినకొద్దీ చక్కిలిగింత పెరుగుతూ వచ్చింది. రాయిస్తున్నది తన చెయ్యే అయినా, అనుకున్న వేళకు అందని స్పర్శను మెదడు పరాయి ఖాతాలో జమకట్టింది.

ఇదే లెక్క తగువులు కూడా పెడుతుంది. 2003లో లండన్‌లోనే ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి వేలిని ఒకరు వంతులవారీగా నొక్కమన్నారు. షరతు ఒక్కటే: నీ వేలిమీద ఎంత బలం పడిందో అంతే బలంతో తిరిగి నొక్కాలి. ప్రతి వంతుకీ బలం సగటున మూడోవంతుకు పైగా పెరిగిపోయింది! ఎవరూ మోసం చెయ్యలేదు. మనం వాడే బలం మనకు తక్కువగా తెలుస్తుంది, ఎదుటివాళ్లది ఉన్నంతా తెలుస్తుంది. ఆడుకుంటూ ఆడుకుంటూ కొట్టుకున్న పిల్లలిద్దరూ "వాడే గట్టిగా కొట్టాడు" అని ఏడుస్తూ వస్తే, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. నేను ఈ ప్రయోగం గురించి చదివిన తరువాత మా ఇంట్లో తగువు తీర్చే పద్ధతి మార్చుకున్నాను.

కదలని జీవికి మెదడెందుకు?

సీ స్క్వర్ట్ అనే సముద్రజీవి పిల్లగా ఉన్నప్పుడు తోకకప్పలా ఈదుతుంది. దానికో తోక, చిన్నపాటి మెదడు ఉంటాయి. స్థిరపడటానికి ఒక రాయి దొరికి దానికి అతుక్కుపోయాక ఇక జన్మలో కదలదు. అప్పుడు తోకనూ, ఈదడానికి వాడుకున్న మెదడులో చాలా భాగాన్నీ తనలోనే అరిగించుకుంటుంది. మెదడు పుట్టిందే కదలిక కోసం అనే వోల్పర్ట్ తన ప్రసంగాల్లో తరచూ చూపించే సాక్ష్యం ఈ జీవే.

తలలో ఒక మనిషి బొమ్మ

మూర్ఛ రోగుల్లో కొందరికి వణుకు బొటనవేలి దగ్గర మొదలై, చేతికీ, భుజానికీ, ముఖానికీ ఒక వరుసలో పాకుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో లండన్ వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ దీన్ని ఓపిగ్గా గమనించి, మెదడులో కూడా ఒంటి భాగాలు ఇలాగే పక్కపక్కన అమరి ఉండాలని ఊహించాడు. యంత్రం ఏదీ లేకుండా, మంచం పక్కన కూర్చుని చూసినదాన్ని బట్టే చెప్పాడు. 1870లో బెర్లిన్‌లో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే ఇద్దరు యువ వైద్యులు కుక్క మెదడు పైపొరకు సన్నటి విద్యుత్తు తాకించి, ఎదుటివైపు కాలు కదలడం చూపించారు. ఎడమ మెదడు కుడి ఒంటిని, కుడి మెదడు ఎడమ ఒంటిని నడపడానికి కారణం ఇప్పుడు మనకు తెలుసు. కిందికి దిగే నాడుల్లో ఎక్కువ భాగం మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోటుకు కాస్త పైన, అటువి ఇటూ ఇటువి అటూ దాటుకుంటాయి.

మనిషి మెదడు పటం గీసినవాడు మాంట్రియల్ శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్. మెదడుకు నొప్పి తెలియదు. అందుకే రోగి మెలకువగా మాట్లాడుతూ ఉండగానే పుర్రె తెరిచి, ఎక్కడ తాకిస్తే ఏది కదులుతుందో గుర్తించేవాడు. 1937లో సహచరుడు బోల్డ్రీతో కలిసి ప్రచురించిన ఆ పటాన్ని మనిషి బొమ్మగా గీస్తే చూడటానికి వింతగా ఉంటుంది: బారెడు చేతులు, పెద్ద పెదవులు, ఈ మూల నుంచి ఆ మూలకు నాలుక, బక్కచిక్కిన నడుము. ఒంట్లో ఎంత పెద్ద భాగమన్నది మెదడుకు పట్టదు, ఎంత సున్నితంగా కదిలించాలన్నదే లెక్క. విద్యుత్తుతో చెయ్యి లేచినప్పుడు రోగులు, అది తాము ఎత్తలేదనీ డాక్టరే ఎత్తించాడనీ చెప్పేవారట. చెయ్యి కదలడం వేరు, కదిపానన్న ఎరుక వేరు. నాకు ఈ మొత్తం పటంకన్నా వాళ్ల ఆ మాటే పెద్ద విశేషంగా తోస్తుంది.

ఎనభై ఏళ్లు పాఠ్యపుస్తకాల్లో చెక్కుచెదరని ఆ పటాన్ని 2023లో అమెరికాలోని సెయింట్ లూయిస్ పరిశోధకులు సవరించారు. కాలు, చెయ్యి, నోటి భాగాల మధ్య ఏ ఒక్క అవయవానికీ చెందని ప్రాంతాలు ఉన్నాయనీ, అవి ఒకదానితో ఒకటి ముడిపడి, ఆలోచనకూ ప్రణాళికకూ సంబంధించిన చోట్లతో కలిసి పనిచేస్తున్నాయనీ తేల్చారు.

చిన్నమెదడులో పెద్ద జనాభా

తల వెనక అడుగున ఉండే చిన్నమెదడు బరువు మొత్తం మెదడులో పదోవంతు. మెదడులోని దాదాపు 8,600 కోట్ల నాడీకణాల్లో సుమారు 6,900 కోట్లు మాత్రం అక్కడే ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో తూటా దెబ్బలకు చిన్నమెదడు పాడైన సైనికులను గార్డన్ హోమ్స్ అనే వైద్యుడు పరీక్షించాడు. వాళ్లకు పక్షవాతం లేదు. గ్లాసు అందుకోబోతే చెయ్యి దాన్ని దాటిపోయేది, ముక్కు ముట్టుకోబోతే చెంప తగిలేది. బలం ఉంది, కొలత పోయింది.

బంతిని చివరిదాకా చూడాలా?

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బ్యాటర్‌ను చేరడానికి అర సెకను చాలు. 2000లో మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లియాడ్ బ్యాటర్ల తలకు కెమెరా తగిలించి చూపు ఎటు పోతోందో కొలిచారు. బంతి విడుదల కాగానే ఓ క్షణం చూసి, చూపు ఒక్కసారిగా పిచ్‌మీదికి దూకింది, బంతి ఎక్కడ పడుతుందని ఊహించారో అక్కడికి. అక్కడ బంతి కోసం కాపు కాసింది. ఆట బాగా వచ్చినవాడి చూపు ఇంకా ముందే దూకింది. "బంతి మీంచి కన్ను తీయకు" అని మైదానంలో ఎన్నిసార్లు విన్నాం!

సుత్తి, ముగ్గు

1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త, ఉలిమీద సుత్తితో కొట్టే అనుభవజ్ఞులైన కార్మికుల ఒంటికి చిన్న చిన్న దీపాలు కట్టి ఫొటోలు తీశాడు. చెయ్యి తిరిగిన పనివాడి భుజం, మోచెయ్యి, మణికట్టు ప్రతి దెబ్బకూ అచ్చు ఒకేలా కదులుతాయని ఎవరైనా అనుకుంటారు. కదల్లేదు. ప్రతిసారీ కాస్త తేడా. సుత్తి తల మాత్రం పడవలసిన చోటే పడింది. ఒక కీలు చేసిన తప్పును ఇంకో కీలు అప్పటికప్పుడు దిద్దుతోంది. అలాగైతే సాధన అంటే ఒకే కదలికను వల్లె వెయ్యడం కాదు, ఒకే సమస్యను ప్రతిసారీ కొత్తగా పరిష్కరించడం.

ఇది చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. తెల్లవారుజామున, సరిగా వెలుతురు లేని వాకిట్లో, పదిహేను చుక్కల మెలికల ముగ్గు వేసేది. ఒకరోజు వంగి, నడుం నొప్పి ఉన్న రోజు గొంతుక్కూర్చుని. పిండి ఒకసారి తడి, ఒకసారి పొడి. గీత సన్నం మాత్రం మారేది కాదు. బెర్న్‌స్టైన్ దీపాలు కట్టవలసిన చేతుల్లో అదొకటి.

గుర్తులేని సాధన

1953లో మూర్ఛ తగ్గడానికి చేసిన శస్త్రచికిత్సతో అమెరికాకు చెందిన హెన్రీ మొలైసన్‌కు కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. కలిసిన మనిషిని నిమిషాల్లో మరిచిపోయేవాడు. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అతనితో అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ చుట్టూ గీత గీయించింది. ఇది మామూలువాళ్లకే మొదట్లో చెయ్యి అడ్డం తిరిగే పని. మూడు రోజుల్లో అతని తప్పులు బాగా తగ్గాయి. ప్రతిరోజూ ఆ పని జన్మలో చేసి ఎరుగనన్నట్టే మొదలుపెట్టేవాడు. చేతిపని నేర్చుకునే దారి, సంగతులు గుర్తుంచుకునే దారి మెదడులో వేరువేరని అప్పుడు తేలింది.

దారులు వేరని ఇంకో రకంగానూ తెలుస్తుంది. పక్షవాతంతో మూతి ఒకవైపు కదలని కొందరు రోగులను నవ్వమంటే సగం నోరే నవ్వుతుంది. నిజంగా నవ్వొచ్చే మాట చెబితే ముఖమంతా నవ్వుతుంది. కొందరిలో, ఎంత ప్రయత్నించినా లేవని చెయ్యి ఆవులింత వచ్చినప్పుడు తనంతట తనే లేస్తుంది.

సాధన జాడ మెదడులోనూ కనిపిస్తుంది. వయొలిన్ వాద్యకారుల ఎడమచేతి వేళ్ల స్పర్శను అందుకునే చోటు మెదడులో మామూలువాళ్లకన్నా పెద్దదని 1995లో కొలిచి చూశారు. చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్లలో ఇంకా పెద్దది.

  

గడప దగ్గర ఆగిన కాలు

మా పెదనాన్నకు పార్కిన్‌సన్స్. గదిలో నడుస్తూ వచ్చి గడప ముందు ఆగిపోయేవారు. పాదాలు నేలకు మేకులు కొట్టినట్టు. మొదట్లో మేము "రండి, పెద్దమ్మ అన్నం వడ్డించింది" అని తొందరపెట్టేవాళ్లం. తొందరపెడితే మరీ బిగుసుకుపోతారని తరువాత తెలిసింది. నేలమీద అడుగు దూరానికొకటిగా రంగు టేపు అడ్డంగా అంటించాం. ఆ గీతలను దాటుకుంటూ ఆయన నడిచిన మొదటి రోజు పెద్దమ్మ గోడకు చేరగిలబడి ఏడ్చేసింది.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ 1817లో ఈ వ్యాధిని ఆరుగురిని చూసి వర్ణించాడు. వాళ్లలో కొందరు వీధిలో ఎదురైనవాళ్లే. మెదడు లోతుల్లో డోపమైన్ అనే రసాయనం తయారుచేసే కణాలు నశించడం దీనికి మూలం. దాంతో తనంతట తానుగా సాగవలసిన కదలిక మొదలవడమే కష్టమవుతుంది. గీత, తాళం లాంటి బయటి ఆధారం ఉంటే ఇంకో దారిన పని సాగుతుంది. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు ఒక రోగిని వీడియో తీశారు. నాలుగడుగులు వెయ్యలేక పడిపోయే ఆయన సైకిలెక్కి తొణక్కుండా తొక్కుకుంటూ వెళ్లాడు!

ఈ వ్యాధి మందు కథలో మన మొక్కలు రెండు ఉన్నాయి. 1950లలో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసర్పీన్ ఇస్తే అవి చెవులు వాల్చేసి కదలకుండా పడిపోయాయి. రెసర్పీన్ సర్పగంధి వేరులోది. తరువాత, మెదడులో డోపమైన్‌గా మారే ఎల్‌-డోపా ఎక్కిస్తే కాసేపట్లోనే లేచి తిరిగాయి. మెదడులో డోపమైన్ విలువ లోకానికి తెలిసింది అప్పుడే, ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. ఆ ఎల్‌-డోపాను 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు దూలగొండి గింజల నుంచి వేరుచేశారు. అవును, కాయల నూగు తగిలితే ఒళ్లంతా దురదెక్కించే ఆ దూలగొండే. కంపవాతానికి ఆయుర్వేదం వాడుతూ వచ్చిన గింజ అది. ఎవరూ సొంతంగా మింగవద్దు. ఏ గింజలో మందు ఎంతుందో కంటికి తెలియదు, మోతాదు తప్పితే ప్రమాదం.

కరెంటు పోతే కూలిపోయే మనిషి

ఇంగ్లండ్‌లో ఇయాన్ వాటర్‌మన్‌కు 19 ఏళ్ల వయసులో ఒక జ్వరం తరువాత మెడ కింది నుంచి స్పర్శ పోయింది, తన కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయో తెలిసే గుణం కూడా పోయింది. కండరాలకు ఆజ్ఞలు మోసే నాడులు బాగానే ఉన్నాయి, తిరిగి కబురు తెచ్చేవి లేవు. కళ్లతో చూస్తూ, ప్రతి కదలికనూ ఆలోచించి చేస్తూ, నెలల తరబడి కష్టపడి నిలబడటం, నడవడం మళ్లీ నేర్చుకున్నాడు. దీపం ఆరిపోతే మాత్రం ఉన్నచోటే కుప్పకూలేవాడు. చీకట్లో లేచి మంచినీళ్లు తాగి వచ్చి పడుకోవడం ఎంత పెద్ద పనో ఆయన కథ చదివేదాకా నేనెప్పుడూ అనుకోలేదు.

మంచి చేతిని కట్టేసి

పక్షవాతం తరువాత పట్టుతప్పిన చెయ్యి వాడకపోవడం కూడా ఒక అలవాటుగా మారుతుందని అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ గుర్తించాడు. బాగున్న చేతికి తొడుగు వేసి ఆపి, రోజూ గంటల తరబడి రెండో చేత్తోనే పనులు చేయించే చికిత్స తెచ్చాడు. కాస్తయినా కదలిక మిగిలినవాళ్లలో మెరుగుదల కనిపించింది. 2006లో 222 మందితో జరిపిన పరీక్ష దాన్ని నిర్ధారించింది.

2021లో స్టాన్‌ఫర్డ్‌లో కృష్ణ షెనాయ్ బృందం చేసిన పని ఇంకా ముందుకు వెళ్లింది. వెన్నుపాము దెబ్బతిని పదేళ్లకు పైగా మెడ కింద కదలిక దాదాపుగా లేని ఒక మనిషి మెదడులో సన్నటి సూదుల పలకలు రెండు అమర్చారు. కాగితంమీద కలంతో రాస్తున్నట్టు ఊహించమన్నారు. చెయ్యి రాయలేదు. ఒక్కో అక్షరం వంపుకూ మెదడు కణాలు వేరుగా స్పందించాయి, కంప్యూటర్ వాటిని చదివి నిమిషానికి 90 అక్షరాలు తెరమీద రాసింది. అన్నేళ్లయినా ఆయన చేతిరాత తలలో చెరిగిపోలేదు. మాటకూ మాటకూ మధ్య ఖాళీని చేత్తో గీయడం కుదరదు కదా, అందుకని మాట పూర్తయిన ప్రతిసారీ ఆయన చిన్న కోణం ఒకటి గీస్తున్నట్టు ఊహించేవాడు.