వయోజనులలో ప్లీహ పరిమాణం - వయసుతో సంబంధం: అల్ట్రాసౌండ్ కొలతల పరిశీలన

వ్యాససంగ్రహం:
వయోజనుల ప్లీహ పరిమాణాన్ని అల్ట్రాసౌండ్ ద్వారా కొలిచే పద్ధతిని, ఆ కొలతను వయసుతో ముడిపెట్టి చూసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒకే హద్దును అన్ని వయసులవారికీ, అన్ని ఎత్తులవారికీ వర్తింపజేయడంలోని పరిమితులను ఇది చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్లీహం, అల్ట్రాసౌండ్, వయసు, ఎత్తు, సహసంబంధం.

1. ఉపోద్ఘాతం:
జ్వరపీడితులకు "కడుపులో బల్ల పెరిగింది" అని మన పెద్దలు చెప్పిన మాటలో ప్లీహం వాపు ప్రస్తావన ఉంది. మలేరియా వ్యాప్తిని అంచనా వేయడానికి పిల్లల పొట్టను తడిమి, ప్లీహం పెరిగినవారి శాతాన్ని లెక్కించే పద్ధతి భారతదేశంలో 19వ శతాబ్దం నుంచే ఉంది. అయితే ప్లీహం ఎడమవైపు 9 నుంచి 11 వరకు గల పక్కటెముకల చాటున ఉంటుంది. కొంత పెరుగుదల ఉన్నా అది చేతికి తగలకపోవచ్చు. ఈ లోటును పూరించే సులభమైన, రేడియేషన్ లేని సాధనం అల్ట్రాసౌండ్.

2. కొలిచే విధానం:
రోగిని వెల్లకిలా గానీ, కుడివైపుకు ఒత్తిగిలి గానీ పడుకోబెడతారు. సాధారణంగా 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల వంపు ప్రోబ్‌ను ఎడమ పక్కటెముకల మధ్య ఉంచుతారు. రక్తనాళాలు ప్రవేశించే హైలం కనిపించే తలంలో పై కొన నుంచి కింది కొన వరకు గల అత్యధిక దూరమే ప్లీహం పొడవు. ఊపిరితిత్తిలోని గాలి పై కొనను కప్పివేస్తే పొడవు తక్కువగా నమోదవుతుంది. కనుక శ్వాసను ఎంతవరకు పీల్చి నిలపాలో ప్రతి వ్యక్తికీ సరిచూసుకోవాలి.

పొడవు, వెడల్పు, మందం మూడింటినీ గుణించి, 0.523తో హెచ్చిస్తే ఘనపరిమాణం అంచనాగా లభిస్తుంది. ఉదాహరణకు 10 సెం.మీ. పొడవు, 7 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. మందం ఉన్న ప్లీహం ఘనపరిమాణం సుమారు 146 మి.లీ. పొడవును 1 సెం.మీ. ఎక్కువగా కొలిస్తే అది 161 మి.లీ. అవుతుంది. చిన్న పొరపాటు కూడా ఫలితాన్ని పదోవంతు మార్చగలదు. అందుకే ఇద్దరు పరీక్షకులు విడివిడిగా కొలిచి, ఆ కొలతల ఏకీభావాన్ని పరీక్షించడం అవసరం. కేవలం సహసంబంధ గుణకం దీనికి చాలదు. 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ ప్రతిపాదించిన భేదాల విశ్లేషణ ఇందుకు తగినది.

3. వయసు ప్రభావం:
బాల్యంలో ప్లీహం శరీరంతోపాటు పెరుగుతుంది. వయోజన దశలో కొంతకాలం నిలకడగా ఉండి, వార్ధక్యంలో క్రమంగా తగ్గుతుందని అనేక అధ్యయనాలు సూచించాయి. రోగనిరోధక కణాలు ఉండే తెల్ల గుజ్జు క్షీణించడం దీనికి ఒక కారణంగా భావిస్తారు. అయితే ఫలితాలు ఏకరీతిగా లేవు. 1997లో ప్రసోపులోస్, సహచరులు సి.టి. స్కాన్ ద్వారా ఘనపరిమాణాన్ని కొలిచినప్పుడు వయసుతో గణనీయమైన సంబంధం కనిపించలేదు.

ఈ వైరుధ్యానికి రెండు కారణాలను ఊహించవచ్చు. మొదటిది, సంబంధం సరళరేఖలో లేకపోవడం. నలభై ఏళ్లపాటు నిలకడగా ఉండి ఆపై తగ్గే కొలతను ఒకే సరళరేఖతో పోలిస్తే సహసంబంధం బలహీనంగా తేలుతుంది. వయోవర్గాలుగా విభజించి చూస్తే ఆ తగ్గుదల బయటపడవచ్చు. రెండవది, ఎత్తు. ప్లీహం పొడవు ఎత్తుతోపాటు పెరుగుతుందని, ఆరోగ్యవంతులైన పొడగరి క్రీడాకారులు సాధారణ హద్దును దాటవచ్చని 2005లో స్పీల్‌మన్ బృందం చూపింది. ఒకే కాలంలో వేర్వేరు వయసులవారిని పోల్చే అధ్యయనంలో వృద్ధులు సగటున పొట్టివారైతే, ఎత్తు వల్ల కలిగిన భేదాన్ని వయసుకు ఆపాదించే ప్రమాదం ఉంది. కనుక ఎత్తును, లింగాన్ని కూడా విశ్లేషణలో చేర్చాలి.

4. వైద్యపరమైన ప్రాధాన్యం:
సాధారణంగా 12 లేదా 13 సెం.మీ. పొడవును పై హద్దుగా పాటిస్తారు. ఈ హద్దు వల్ల ఆరోగ్యవంతుడైన పొడగరి యువకుడు అనవసర పరీక్షలకు లోనుకావచ్చు. మరోవైపు, వయసుతో ప్లీహం 9 సెం.మీ.కు తగ్గిన వృద్ధురాలికి కాలేయవ్యాధి వల్ల అది 12 సెం.మీ.కు పెరిగినా నివేదికలో "సాధారణం" అనే నమోదు కావచ్చు. మొదటి పొరపాటు వల్ల ఆందోళన, ఖర్చు కలుగుతాయి. రెండవదాని వల్ల చికిత్సకు అనువైన కాలం చేజారుతుంది. సికిల్‌సెల్ వ్యాధి ముదిరిన వయోజనులలో ప్లీహం కుంచించుకుపోయి ఉండవచ్చు. అక్కడ కొలత చిన్నదిగా ఉండడమే వ్యాధి లక్షణం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గిరిజన ప్రాంతాలలో ఈ వ్యాధి ఉన్నందున, అక్కడ "సాధారణ" కొలతలను నిర్ధారించే పరిశోధకులు ముందుగా రక్తపరీక్షతో అటువంటివారిని వేరుచేయాలి.

5. ముగింపు:
ప్లీహం పొడవు ఒక సంఖ్య మాత్రమే. వయసు, ఎత్తు, లింగం, కొలిచిన పద్ధతి తోడైనప్పుడే దానికి అర్థం ఏర్పడుతుంది. స్థానిక జనాభాలో, స్పష్టంగా నిర్వచించిన ఆరోగ్యవంతుల నుంచి, వయోవర్గాలవారీగా కొలతలు సేకరించడం ఈ రంగంలో చేయవలసిన పని. పాత నివేదిక అందుబాటులో ఉంటే, పుస్తకంలోని హద్దుతో పాటు ఆ వ్యక్తి పూర్వపు కొలతతోనూ పోల్చడం వైద్యునికి మరింత ఉపకరిస్తుంది.