టీవీకి పెట్టె కొనేముందు



ఇంట్లోకి ఒక కుక్కరు కొనాలన్నా, కుట్టుమిషను కొనాలన్నా మనం నలుగుర్ని అడుగుతాం, రెండు కొట్లు తిరుగుతాం, అటూ ఇటూ తిప్పి చూసిగాని డబ్బు చేతిలోంచి వదలం. కాని టీవీకి తగిలించే పెట్టె దగ్గరకు వచ్చేసరికి మాత్రం, "అదంతా మగవాళ్ల వ్యవహారం, పిల్లలకు తెలుస్తుందిలే" అని ఊరుకుంటాం. తీరా అది ఇంట్లోకి వచ్చాక పగలంతా దానితో అవస్థ పడేది మనమే. అందుచేత ఈ పూట ఆ పెట్టెను ఎలా ఎంచుకోవాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి వినండి. మాది పెదకూరపాడు. కిందటేడు మా అబ్బాయి వేలెడంత స్టిక్ ఒకటి తెచ్చి టీవీ వెనక గుచ్చాడు. "ఇక కేబుల్ ఎందుకమ్మా, దండగ" అని ఆ కనెక్షన్ కూడా తీయించేశాడు. మా అత్తయ్యగారికి డెబ్భై దాటాయి. మామయ్యగారు పోయినప్పటినుంచి పగటిపూట ఆవిడకు ఆ టీవీయే తోడు. పాత రిమోట్ మీద ఏ అంకె నొక్కితే భక్తి ఛానలు వస్తుందో, ఏ అంకెకు వార్తలు వస్తాయో ఆవిడకు కంఠతా వచ్చు. కొత్త రిమోట్ మీద అంకెలే లేవు. తెర మీద చూస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, బొమ్మలు. మిరపకోతల రోజులు కావడంతో మేం పొద్దున్నే పొలం వెళ్లి చీకటిపడే వేళకు వచ్చేవాళ్లం. వచ్చేసరికి ఆవిడ నల్లటి తెర ఎదుట కూర్చుని ఉండేది. "ఏం అత్తయ్యా, టీవీ పెట్టుకోలేదా?" అంటే "నాకెందుకులేవే, కళ్లు మంటలు" అనేది. అసలు సంగతి అర్థం కావడానికి నాకు వారం పట్టింది. ఆవిడకు టీవీ పెట్టుకోవడం రాలేదు, రాలేదని మాతో చెప్పుకోవడానికి చిన్నతనమనిపించింది. నెలకు నాలుగు డబ్బులు మిగులుతాయని చూసుకున్నామే గాని, పెద్దావిడ తోడును ఊడబెరికామని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ తరువాత ఈ పెట్టెల గురించి అడిగి, చదివి కొంత తెలుసుకున్నాను.

ఇంతకీ ఈ పెట్టె చేసే పని ఏమిటి? డిష్ పెట్టె ఆకాశం నుంచి వచ్చే ఛానళ్లను పట్టి చూపిస్తుంది. ఈ స్ట్రీమింగ్ పెట్టె ఇంటర్‌నెట్ ద్వారా, మనం అడిగిన కార్యక్రమాన్ని అడిగినప్పుడు తెచ్చిపెడుతుంది. అంటే ఇది ఒక చిన్న కంప్యూటరన్నమాట. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు టీవీ చూపించారు. వాటిలో మన రాష్ట్రపు పల్లెలూ ఉన్నాయి. ఊరంతా ఒక్క పెట్టె ముందు కూర్చుని, వాళ్లు ఏది వేస్తే అది చూసేవారు. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది. అప్పుడు ఎంచుకోవలసిన పనే లేదు. ఇప్పుడు ఎంపిక అంతా మన నెత్తిన పడింది. కనుక పెట్టెను చూడటానికి ముందు మన ఇంటిని చూసుకోవాలి. నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

మొదటిది, మన టీవీ ఎలాంటిది? టీవీ వెనకవైపు చూడండి. బల్లపరుపుగా, కింది రెండు మూలలు కొంచెం లోపలికి నొక్కినట్టు ఉండే రంధ్రం ఉంటుంది. దాన్ని హెచ్.డి.ఎం.ఐ. అంటారు. ఈనాటి స్టిక్కులన్నీ దాదాపుగా దానికే తగులుతాయి. మీది పాత డబ్బా టీవీ అయి, పసుపు, తెలుపు, ఎరుపు రంగుల గుండ్రటి రంధ్రాలు మాత్రమే ఉంటే స్టిక్ కొని లాభం లేదు. ఆ మూడు వైర్లు కూడా తగిలే పెట్టె కావాలని ముందే అడగండి. ఇక మీది స్మార్ట్ టీవీ అయితే అసలు పెట్టె అక్కరలేకపోవచ్చు. టీవీ నాలుగైదేళ్లు వాడాక నత్తనడక నడుస్తుంటే, కొత్త టీవీకి వేలు పోసే బదులు దానికో పెట్టె తగిలించుకోవడం తెలివైన పని. ఇంకొక్క మాట. స్టిక్‌కు కరెంటును టీవీకి ఉన్న యూఎస్‌బీ రంధ్రం నుంచి ఇవ్వకండి. ఆ రంధ్రాలు చాలావాటిలో అర ఆంపియరు కరెంటే వస్తుంది. అది చాలక స్టిక్ మధ్య మధ్య ఆగి మళ్లీ మొదలవుతుంటుంది. దానితో ఇచ్చిన అడాప్టరునే గోడ ప్లగ్గులో పెట్టండి.

రెండో ప్రశ్న, మన ఇంటికి నెట్ ఎలా వస్తోంది? 2017 డిసెంబరు 27న అమరావతిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. ఆనాడు నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ ఛానళ్లు, ఫోను మూడూ ఇస్తామన్నారు. కరెంటు స్తంభాల మీదుగా ఆ తీగ పల్లెలకు వచ్చింది. ఆ తరువాత ధరలూ మారాయి, ఇతర కంపెనీల తీగలూ వచ్చాయి. ఇంటికి అలాంటి తీగ ఉంటే నిశ్చింతగా చూడవచ్చు. మంచి స్పష్టమైన బొమ్మకు 5 ఎంబీపీఎస్ వేగం సరిపోతుంది. పెద్ద టీవీల్లో 4కె బొమ్మ కావాలంటే 15 ఉండాలి.

తీగ లేక, ఫోను నెట్‌తోనే నడుపుకుందామనుకుంటే లెక్క వేసుకోండి. స్పష్టమైన బొమ్మ గంటసేపు చూస్తే 3 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ప్యాకయితే నలభై నిమిషాలకే అయిపోతుంది. సినిమా సగంలో ఉండగానే అయిపోతుందన్నమాట. సెట్టింగుల్లో బొమ్మ నాణ్యత తగ్గించుకుంటే గంటకు ఒక జీబీ లోపు సరిపెట్టుకోవచ్చు.

వైఫై రూటరు వసారాలో, టీవీ నడింట్లో ఉండి మధ్యలో లావు గోడలున్నాయనుకోండి. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ అనేది వేగమైనదే గాని గోడలు దాటేసరికి బలహీనపడుతుంది. 2.4 అనేది నెమ్మదైనా దూరం పోతుంది. అందుచేత పెట్టె రెంటినీ అందుకోగలదా అని అడగండి. వీలుంటే రూటరు నుంచి నేరుగా వైరు తగిలించుకునే పెట్టె అన్నింటికంటే మేలు.

మూడో ప్రశ్నే అసలైన ప్రశ్న. దాని ముందు కూర్చునేది ఎవరు? పెట్టెలు ముఖ్యంగా రెండు రకాలు. అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్, షావోమీ పెట్టె లాంటివి ఒక రకం. వీటిలో యాప్‌లు ఉంటాయిగాని మామూలు ఛానళ్లు నంబర్లవారీగా రావు. నెట్ కంపెనీలు, డిష్ కంపెనీలు ఇచ్చే పెట్టెలు రెండో రకం. వీటిలో చాలావాటికి మామూలు ఛానళ్లూ, యాప్‌లూ రెండూ ఒకే చోట ఉంటాయి, రిమోట్ మీద అంకెలూ ఉంటాయి. పడుచువాళ్లు మాత్రమే ఉండే ఇంటికి మొదటి రకం చాలు. పెద్దవాళ్లున్న ఇంటికి రెండో రకం మంచిది. లేదా స్టిక్ పెట్టుకున్నా పాత కనెక్షన్ తీసేయకండి. దూరదర్శన్ ఉచిత డిష్ సేవ 2004 నుంచి ఉంది. ఒకసారి సామాను కొంటే నెలనెలా కట్టేదేమీ లేదు. 2024 నవంబరులో ప్రసార భారతి వేవ్స్ అనే యాప్ కూడా తెచ్చింది. దూరదర్శన్, ఆకాశవాణి రెండూ అందులో వస్తాయి.

కొట్లో ఉండగానే రిమోట్ చేతిలోకి తీసుకుని మైకు బొత్తాం నొక్కి తెలుగులో అడిగి చూడండి. మన యాసకు అది పలికిందా లేదా అక్కడే తేలిపోతుంది. మీరు చూసే తెలుగు యాప్‌లు, ఆహా వంటివి, ఆ పెట్టెలో దొరుకుతాయా అని ముందే కనుక్కోండి. కొన్నింటిలో కొన్ని ఉండవు. మెమరీ 1 జీబీ ఉన్నవి చవక, కాని నాలుగు యాప్‌లు వేసేసరికి ఆయాసపడతాయి. మరికొంత పెట్టి 2 జీబీది తీసుకుంటే ఎక్కువ కాలం వస్తుంది.

పిల్లల సంగతి మరవకూడదు. 2021లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిబంధనల ప్రకారం ఈ యాప్‌లలోని కార్యక్రమాలకు వయసు గుర్తులు వేయాలి. అందరికీ, 7 ఏళ్లు దాటినవారికి, 13 దాటినవారికి, 16 దాటినవారికి, పెద్దలకు మాత్రమే అని అవి అయిదు మెట్లు. 13, ఆపై గుర్తులున్నవాటికి తాళం వేసుకునే సౌకర్యం కూడా ఇవ్వాలి. ఆ తాళానికి ఒక పిన్ నంబరు ఉంటుంది. అది మీకు తెలిసి ఉండాలి, పిల్లల పుట్టినరోజు మాత్రం పెట్టకండి. వాళ్లు మొదట నొక్కి చూసేది అదే!

నాలుగో ప్రశ్న, నెలనెలా కట్టేదెంత? పెట్టె ఖరీదు ఒక్కసారే. యాప్‌ల చందాలు మాత్రం ఎలుక బియ్యం తిన్నట్టు తింటాయి. మూడు యాప్‌లకు సగటున నెలకు రెండేసి వందలనుకుంటే ఏడాదికి 7200 రూపాయలవుతుంది. పెట్టె ఖరీదును మించిపోయింది చూశారా! అన్నీ ఒకేసారి కట్టనక్కరలేదు. ఈ నెల ఒకటి, చూడవలసినవి అయిపోయాక వచ్చే నెల మరొకటి. దానంతటదే డబ్బు కోసుకునే ఏర్పాటు ఉంటే, కోసే ముందు కనీసం 24 గంటల ముందుగా కబురు పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ మెసేజి ఎవరి ఫోనుకు వస్తోందో తెలుసుకోండి. పాల పద్దు రాసుకునే పుస్తకంలోనే దీనికీ ఒక వరస గీసుకోండి.

చివరగా ఒక హెచ్చరిక. మా పక్కింటి వదిన ఒక పెట్టె కొన్నది. పేరూ ఊరూ లేదు. "ఒక్కసారి కొంటే ఏ చందా లేదు, అన్ని సినిమాలూ ఉచితం" అన్నాడట అమ్మినవాడు. నెల తిరక్కుండా ఇంట్లో నెట్ మందగించింది. నెట్ కుర్రవాడు వచ్చి చూసి, టీవీ ఆపేసి ఉన్నా రాత్రంతా ఆ పెట్టె ఎటో సమాచారం పంపుతోందని చెప్పాడు. ప్లగ్గు పీకితే నెట్ కుదుటపడింది. ఇది మన ఊరి వింత కాదు. 2023లో టీ95 అనే చవక పెట్టెలో కొనేనాటికే దొంగ ప్రోగ్రాం ఉన్నట్టు బయటపడింది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్.బి.ఐ. ఇలాంటి పెట్టెల గురించి ప్రజలను హెచ్చరించింది. గూగుల్ ధ్రువీకరణ లేని పరికరాలు కోటికి పైగా ఈ ముఠా చేతిలో పడ్డాయని ఆ ఏడాది జూలైలో గూగుల్ కోర్టుకెక్కింది. అలాంటి పెట్టె మన ఇంటి నెట్ మీద కూర్చుని ఇతరులు చేసే మోసాలకు దారి అవుతుంది. అదే నెట్ మీదే కదా మన ఫోన్లూ, బ్యాంకు లావాదేవీలూ! కనుక అన్నీ ఉచితం అన్నా, రక్షణ ఏర్పాటు తీసేయమని పెట్టే అడిగినా, తెలిసిన కంపెనీ పేరు లేకపోయినా వద్దనండి. బిల్లు, గ్యారంటీ కాగితం అడిగి తీసుకోండి. కొన్న వస్తువుతో అన్యాయం జరిగితే 1915, డబ్బు మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

మా ఇంట్లో చివరికి ఏం చేశామంటారా? అంకెల రిమోట్‌తో ఛానళ్లూ, యాప్‌లూ రెండూ వచ్చే పెట్టె పెట్టించాం. అత్తయ్యగారికి కావలసిన నాలుగు ఛానళ్ల నంబర్లు అట్టముక్క మీద లావుగా రాసి టీవీ పక్కన అంటించాను. మా అబ్బాయి స్టిక్ అబ్బాయికి ఉంది. రెండోనాడు పొలం నుంచి వస్తుంటే వీధి మలుపుకే మా టీవీ వినిపించింది. చెవులు దిబ్బడలుగా పెట్టింది ఆవిడ. తగ్గించమనడానికి నాకు నోరు రాలేదు.

పెట్టె కొనబోయేముందు మీ ఇంట్లో దాన్ని వాడటం అందరికంటే కష్టమయ్యేది ఎవరికో ఆలోచించండి. వాళ్ల చేత ఒకసారి నొక్కించి చూడండి. వాళ్లకు వచ్చిందంటే ఇంట్లో అందరికీ వచ్చినట్టే.

సెలవు.