పంక్తిలో వచ్చిన మార్పు

రాచపుండని మన పెద్దలు పిలిచిన కాన్సరు మానవజాతిని పీడించు వ్యాధులలో మిక్కిలి దారుణమైనది. దానికి కారణము లనేకములు. వానిలో కొన్నిటిని మనుష్యుడు మార్పజాలడు. ఆహారమును మాత్రము మార్చుకొనగలడు. దంపుడు బియ్యము, చిరుధాన్యములు, పప్పుదినుసులు, కూరగాయలు, పండ్లు - వీనియందు పీచుపదార్థ ముండును. అది ప్రేగులలోని మలమును త్వరగా వెడలించును. అచ్చటి సూక్ష్మజీవులు దానిని మార్చి, ప్రేగుల లోపలిపొరకు మేలుచేయు పదార్థముల నొసగును. అందుచే పెద్దప్రేగు కాన్సరు కలుగు అవకాశము తగ్గును, బొత్తిగా తొలగదు.

ఈ సంగతి తెలిసినంతమాత్రమున జనుల యలవాట్లు మారునా? అమెరికాలో పెద్దప్రేగు కాన్సరుచే మరణించువారు తెల్లవారిలోకంటె ఆఫ్రికన్ అమెరికనులలో హెచ్చు. వారిలో చాలమంది జీవితమునకు చర్చి కేంద్రము. కావున నార్త్ కరొలైనా రాష్ట్రమున 10 కౌంటీలలోని 50 చర్చిలను పరిశోధకు లాశ్రయించిరి. సగము చర్చిలలో ముందుగా పని ప్రారంభించి, తక్కినవానిలో తరువాత ప్రారంభింప నిశ్చయించి, పోలికకై విడిచిరి. మతగురువులు ప్రోత్సహించిరి. సభ్యులు తోటలు వేసిరి. సామూహిక భోజనములలో కూరలు, పండ్లు హెచ్చుగా వడ్డించిరి. క్రొత్త వంటకములు చేసి రుచి చూపిరి. రెండేండ్ల పిమ్మట తొలి సగమువారు తక్కినవారికంటె దినమునకు 0.85 వడ్డన యధికముగా తినుచుండిరి. ఒక వడ్డన యనగా ఒక పండు, లేక అర కప్పు వండిన కూర. ఈ ఫలితము 1999లో వెలువడెను.

జార్జియా రాష్ట్రమందలి అట్లాంటాలో మఱియొక ప్రయత్నము జరిగెను. అచ్చట శిక్షణ పొందినవారు సభ్యులను టెలిఫోనులో పలుకరించి, ఆజ్ఞాపింపక, వారి యిబ్బందుల నాలకించిరి. ఈ రెండు పద్ధతులను కలిపి, నేషనల్ కాన్సర్ ఇన్‌స్టిట్యూటు, అమెరికన్ కాన్సర్ సొసైటీల తోడ్పాటుతో 'బాడీ అండ్ సోల్', అనగా 'దేహము, ఆత్మ' అను కార్యక్రమమును రూపొందించిరి. ఇందు చర్చి సభ్యులే సలహాదారులు. ఇదియు ఫలించెనని 2004లో ప్రకటించిరి.

పిదప ఆ కార్యక్రమపు పుస్తకములు, చలనచిత్రములు దేశమున పంచబడెను. ఈసారి పరిశోధకులు దూరముగ నిలిచి గమనించిరి. 2012లో వెలువడిన ఆ పరిశీలనలో, కార్యక్రమము నందుకొన్న చర్చిలకును, తమ వంతుకై వేచియున్న చర్చిలకును చెప్పుకోదగిన భేదము కానరాలేదు.

విత్తనము మేలైనదైనను, నేల దున్ని నీరు పెట్టువాడు లేనిచో పైరు పండదు. ఆరోగ్యసూత్రము పుస్తకమున నున్న చాలదు. వండువారు, వడ్డించువారు, ఓర్పుతో పలుకరించువారు ఊరూర నుండవలెను.