తల్లిదండ్రుల వృద్ధనివాసము: మరమ్మతు ఎవరి బాధ్యత?

స్నానాలగదిలో దీపము ఆరిపోయి తొమ్మిది దినములైనది. ఆ తొమ్మిది దినములును మా పినతండ్రిగారు తలుపు ఓరగా తెఱచి, ముందుగదిలోని వెలుతురుతోనే స్నానము కానిచ్చుచుండిరి. విదేశముననున్న కుమారుడు ఆదివారము టెలిఫోనులో పలుకరించినప్పుడు మాత్రము, "అంతయు బాగుగానే యున్నది నాయనా" అని చెప్పిరి. పదవనాడు నేను చూడబోయి, సంగతి గమనించి అడిగితిని. "ఆఫీసులో కుఱ్ఱవాడికి ఎప్పుడును తీరిక యుండదు. ఒక్క బల్బుకొఱకు అతనిని తొందరపెట్టుట ఎందుకని ఊరకుంటిని" అనిరి. ఆయన వయస్సు 79 ఏండ్లు. నేల తడి, పైగా చీకటి.

అది ధర్మసత్రము కాదు. కుమారుడు సొమ్ము చెల్లించి కొన్న ఇల్లు. ఇటువంటి వృద్ధనివాసములు హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు, కోయంబత్తూరు పరిసరములలో పలుచోట్ల వెలసినవి. తమ పనులు తాము చేసికొనగల పెద్దలు స్వంత ఇంటవలె స్వతంత్రముగా నుండి, వంట, కాపలా, మరమ్మతుల బెడదను మాత్రము ఇతరులకు అప్పగించు ఏర్పాటిది. వైద్యశాల కాదు, ప్రక్కన నర్సు కూర్చుండు చోటును కాదు. బిడ్డలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన మన కుటుంబములు పెక్కు వీనివైపు చూచుచున్నవి. "నెలనెలా చెల్లించుచున్నాము గదా, అన్నియు వారే చూచుకొందురు" అని బిడ్డల ధీమా. ఒప్పందపత్రములో ఏమి వ్రాసియున్నదో చదివినవారు తక్కువ.

'మెయింటెనెన్సు' అను మాట మనలో ఇమిడిపోయినది గాని, దాని అర్థము చోటునుబట్టి మాఱుచుండును. తల్లిదండ్రుల సంక్షేమమునకై 2007లో వచ్చిన చట్టము పేరులోను ఈ ఆంగ్లపదమే కలదు; అచ్చట దాని అర్థము పోషణ, ఇచ్చట మరమ్మతు. ఈ మరమ్మతునకు సాధారణముగా ఇంటి గుమ్మమే సరిహద్దు. గుమ్మమునకు వెలుపలనున్న లిఫ్టు, నడవలలోని దీపములు, జనరేటరు, నీటిపంపు, తోట, కాపలా నెలసరి చందాలోనివి. గుమ్మము దాటి లోపలికి వచ్చినచో, కొన్న ఇంటిలో కుళాయి, గీజరు, పంకా యజమానివే. డిపాజిట్టు కట్టి గాని, అద్దెకు గాని ఉన్నచో వీనిలో పెక్కు సంస్థమీద పడును. కొన్ని చోట్ల ప్లంబరు, ఎలక్ట్రీషియను కూలి చందాలోనే చేరియుండును. సామాను ఖరీదు మాత్రము వేఱుగా కట్టవలెను. కుళాయి వాషరునకైన ఇది లెక్కలోనిది కాదు గాని, బోరునీటి సున్నము పేరుకొని గీజరు పాడైనచో బిల్లు చూచి పెద్దలు ఉలికిపడుదురు. పింఛనులో బ్రతుకువారి సంగతి చెప్పనక్కఱలేదు.

గోడ చెమ్మగిల్లినను, పెచ్చులూడినను స్వంత ఖర్చుతో పూతపూయించుకొనువారిని నేనెఱుగుదును. తొందరపడవలదు. 'రెరా' యని పిలువబడు 2016 నాటి స్థిరాస్తి చట్టము ప్రకారము, ఇల్లు స్వాధీనపఱచిన 5 సంవత్సరములలోపల కట్టడమునందు గాని, పనితనమునందు గాని లోపము బయటపడి, దానిని తెలియజేసినచో, నిర్మాణదారు 30 దినములలో ఉచితముగా సరిచేయవలెను. ఇండ్లవారి సంఘము నిర్వహణను చేపట్టువఱకు అత్యవసర సౌకర్యములను సమంజసమైన రుసుముపై నడపవలసిన బాధ్యతయు అతనిదే. వృద్ధనివాసములకై కేంద్ర గృహనిర్మాణ మంత్రిత్వశాఖ 2019లో నమూనా మార్గదర్శకములను వెలువరించినది. నిర్మాణదారు, సేవలందించు సంస్థ, ఇల్లు తీసికొన్నవారు, ఈ ముగ్గురి నడుమను త్రైపాక్షిక ఒప్పందముండవలెనని అందు సూచింపబడినది. ఇవి మార్గదర్శకములే, రాష్ట్రములు స్వీకరించిననే వీనికి బలము.

ఇక 'కార్పస్ ఫండు' అను మూలధనము. ఇల్లు తీసికొనునప్పుడే ఒక్కసారిగా వసూలు చేయుదురు. భవనమునకు రంగులు, డాబాకు నీరు దిగని పూత, అరిగిపోయిన లిఫ్టు మార్పిడి వంటి పెద్ద ఖర్చులకు ఇది ఆధారము. ఆ సొమ్ము ఏ బ్యాంకులో, ఎవరి పేర, నిర్మాణదారు పేరనా, సంఘము పేరనా, ఉన్నదో ముందే అడుగవలెను. తల్లిదండ్రుల తదనంతరము తాళము వేసిన ఇంటికి నెలసరి చందా ఎవరు చెల్లింపవలెనను ప్రశ్నయు అప్పుడే తేల్చుకొనుట మంచిది. అడుగుటకు నోరు రాదు, నిజమే.

ఎన్ని దినములలో బాగుచేయుదురను దానిమీదనే నా పట్టుదల. పంకా చప్పుడు వారము ఆగవచ్చును. స్నానాలగది దీపము, జారుడు నేల, వదులైన పట్టుకమ్మి, పిలుపుగంట, లిఫ్టు, ఇవి ఆనాడే బాగుపడవలెను. యువకుని ఇంట బల్బు పోయినచో అసౌకర్యము. వృద్ధుని ఇంట అది తుంటియెముక విఱుగుటకు దారి. పైగా పెద్దలు ఫిర్యాదు చేయరు. కావున, ఫిర్యాదు అందలేదని సంస్థవారు చెప్పు సమాధానమును నేనంగీకరింపను. పిలువకున్నను నెలకొకసారి పనివాడు వచ్చి దీపములు, కమ్ములు, గంట చూచిపోవు ఏర్పాటు ఒప్పందములో ఉన్నదా లేదా యనునది, తోట అందముకన్నను, భోజనశాల వైభవముకన్నను ముందు చూడవలసిన సంగతి.

పినతండ్రిగారి ఒప్పందపత్రము కుమారునియొద్దనే యున్నది. తెప్పించి చదివితిమి. బల్బు మార్చుట నెలసరి చందాలోనే చేరియున్నది. ఆ సంగతి ఆయనకెవ్వరును చెప్పలేదు. ఆ వాక్యములను పెద్ద అక్షరములతో వ్రాసి టెలిఫోను ప్రక్కన గోడకు అంటించి వచ్చితిని. మఱునాడే వంటింటి కుళాయి కారుచున్నదని ఆయన ఆఫీసుకు చెప్పిరట. అది ఎన్నాళ్లనుండి కారుచున్నదో మాత్రము చెప్పలేదు.